'సీ' అనే చిన్న మాట, ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీ

డిక్షనరీ ఎలాంటిదో తేల్చుకోవాలంటే అందులో కష్టమైన మాటలు వెతికి లాభం లేదు. 'ఫొటోసింథసిస్'కి ఏ డిక్షనరీ అయినా దాదాపు ఒకే అర్థం చెబుతుంది. 'సీ' (see) లాంటి మాట దగ్గరే దాని సత్తా బయటపడుతుంది. ఒకటో తరగతిలో నేర్చుకున్న మాటే అయినా, ఇంటర్వ్యూల్లో, ఆఫీసు మెయిళ్లలో పెద్దవాళ్లు కూడా తడబడేది ఇక్కడే. దీనికి కారణం మన 'చూడు'. రుచి చూస్తాం, వాసన చూస్తాం, నాడి చూస్తాం, సంబంధాలు చూస్తాం, పిల్లల్ని చూసుకుంటాం, చేసి చూస్తాం. ఇందులో ఒక్కదానికీ ఇంగ్లిష్‌లో 'సీ' సరిపోదు. వరుసగా టేస్ట్, స్మెల్, చెక్, లుక్ ఫర్, లుక్ ఆఫ్టర్, ట్రై రావాలి.

ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీస్ వెబ్‌సైట్ ఉచితం, లాగిన్ కూడా అక్కర్లేదు. దీనికి మూలమైన పుస్తకాన్ని ఏ.ఎస్. హార్న్‌బీ జపాన్‌లో ఇంగ్లిష్ చెబుతూ తయారుచేశారు. 1942లో టోక్యోలో మొదట అచ్చయింది, 1948లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ తన పేరుతో వేసింది. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్ల కోసమే పుట్టిన డిక్షనరీ కాబట్టి మాట అర్థంతో ఆగదు, ఆ మాటని వాక్యంలో ఎలా కూర్చోబెట్టాలో కూడా చెబుతుంది. చాలామంది ఈ రెండో భాగాన్నే చదవకుండా వదిలేస్తారు.

'సీ' కొట్టి వెర్బ్ పేజీ తెరిస్తే పైన ఏ1 అనే స్థాయి గుర్తు (మొదట్లోనే నేర్చుకోవాల్సిన మాట అని), బ్రిటిష్, అమెరికన్ ఉచ్చారణలకు రెండు స్పీకర్ బొమ్మలు కనిపిస్తాయి. అర్థాలన్నీ ఒకే పేరాలో కుక్కలేదు. కళ్లతో చూడడం, కలుసుకోవడం, అర్థం చేసుకోవడం, తెలుసుకోవడం, ఖాయం చేసుకోవడం అంటూ చిన్న శీర్షికల కింద విడదీశారు. ఒక్కో అర్థానికి ముందు బ్రాకెట్లో చిన్న అక్షరాలతో ఒక వ్యాకరణ సూచన ఉంటుంది. ముందు చదవాల్సింది దాన్నే. చూపు, అవగాహన అనే అర్థాల దగ్గర ఆ సూచన ఈ క్రియని ప్రోగ్రెసివ్‌లో, అంటే ఐఎన్‌జీ రూపంలో, వాడరు అంటుంది. అంటే ఎదురుగా కొండ కనిపిస్తుంటే 'ఐ యామ్ సీయింగ్ ద హిల్' అనకూడదు, 'ఐ కెన్ సీ ద హిల్' అనాలి. కలుసుకోవడం అన్న అర్థం దగ్గర ఈ ఆంక్ష లేదు. అందుకే 'ఐ యామ్ సీయింగ్ ద డాక్టర్ టుమారో' నిక్షేపంలాంటి వాక్యం. 'సీ'కి ఐఎన్‌జీ రాదని బడిలో బట్టీ పట్టించే సూత్రం సగమే నిజం. ఆ నియమం అర్థానిదే కానీ మాటది కాదు.

ఈ సూచనలు చదవకపోతే ఎక్కడ ఇరుక్కుంటామో ఒక ఉదాహరణ. తమ్ముడికి సంబంధాలు చూస్తున్నారు. ఆ సంగతి విదేశీ సహోద్యోగికి చెబుతూ 'మై బ్రదర్ ఈజ్ సీయింగ్ ఎ గర్ల్' అంటే, ఆయనకి అర్థమయ్యేది ఆ అబ్బాయికి ఓ అమ్మాయితో ప్రేమ వ్యవహారం నడుస్తోందని. డిక్షనరీలో ఈ అర్థం విడిగా ఉంది, ఇది తరచుగా ప్రోగ్రెసివ్‌లోనే వస్తుందన్న సూచనతో సహా. పెళ్లిచూపుల గురించి చెప్పాలంటే 'మై ఫ్యామిలీ ఈజ్ లుకింగ్ ఫర్ ఎ బ్రైడ్ ఫర్ హిమ్' అనాలి.

వాక్యనిర్మాణం చూపించడంలోనూ ఈ పేజీ గట్టిదే. 'ఐ సా హిమ్ క్రాస్ ద రోడ్' అంటే అతను ఇటు నుంచి అటు దాకా దాటడం పూర్తిగా చూశాను. 'క్రాసింగ్' అంటే దాటుతుండగా చూశాను, దాటాడో లేదో తెలియదు. సాక్ష్యం చెప్పేవాళ్లకి ఈ తేడా చిన్నది కాదు. మొదటి వాక్యాన్ని పాసివ్‌లోకి మారిస్తే 'టు' వచ్చి చేరుతుంది: 'హి వాజ్ సీన్ టు క్రాస్'. వ్యాకరణ పుస్తకాల్లో ఎక్కడో మూలనుండే సంగతిని ఇక్కడ ఉదాహరణ పక్కనే పెట్టారు.

ఫ్రేజల్ వెర్బులు, అంటే క్రియకి 'ఆఫ్', 'త్రూ' లాంటి చిన్న మాట చేరి కొత్త అర్థం వచ్చేవి, పేజీ చివర్లో ఉంటాయి. 'సీ ఆఫ్' ఒక్కటి చూస్తే చాలు, ముచ్చటేస్తుంది. స్టేషన్‌దాకా వెళ్లి వీడ్కోలు చెప్పడమూ అదే, తరిమికొట్టడమూ అదే. మన 'సాగనంపడం' కూడా సరిగ్గా ఇలాగే రెండు వైపులా పనిచేస్తుంది కాబట్టి తెలుగువాళ్లకి ఇది ఇట్టే గుర్తుంటుంది. 'సీ త్రూ'తో మాత్రం జాగ్రత్త. 'సీ త్రూ హిమ్' అంటే అతని నాటకం కనిపెట్టడం. 'సీ ఇట్ త్రూ' అంటే పట్టిన పని చివరిదాకా చేయడం. కర్మ ఎక్కడ కూర్చుందన్నదే అర్థాన్ని మార్చేసింది.

ఇక లోపాలు. ఉచిత సైట్ కనుక ప్రకటనలు ఉంటాయి, ఫోన్‌లో చదివేటప్పుడు విసిగిస్తాయి. ఒకే స్పెల్లింగ్‌తో నామవాచకం కూడా ఉండడం వల్ల పొరపాటున ఆ పేజీ తెరిస్తే బిషప్ పరిధి అన్న అర్థం కనిపించి కంగారు పెడుతుంది. పోప్ పీఠాన్ని 'హోలీ సీ' అంటారే, ఆ 'సీ' ఇది. 'సీ'కి భూతకాలమైన 'సా' అని వెతికినప్పుడూ అంతే, రంపం ఎదురైతే అక్కడే ఆగిపోకుండా పక్కనున్న ఆల్ మ్యాచెస్ జాబితా చూసుకోవాలి. అన్నిటికన్నా పెద్ద లోటు, లుక్, వాచ్, సీ మధ్య తేడా తెలియాలంటే 'సీ' పేజీ ఒక్కటీ చాలదు. 'లుక్' పేజీలోని సినానిమ్స్ (సమానార్థకాల) పెట్టె కూడా తెరవాలి. తేడా క్లుప్తంగా చెప్పాలంటే, కంటబడితే సీ, కావాలని చూపు తిప్పితే లుక్, కదిలేదాన్ని కాసేపు గమనిస్తే వాచ్. థియేటర్లో సినిమాకి సీ, ఇంట్లో టీవీకి వాచ్ ఎక్కువ సహజం.

దీనికి పోటీ లాంగ్‌మన్ ఆన్‌లైన్ డిక్షనరీ. అదీ ఉచితమే. నిర్వచనాలు సుమారు 2000 మాటల్లోనే రాస్తారు కాబట్టి మొదటిసారి ఇంగ్లిష్-ఇంగ్లిష్ వాడేవాళ్లకి తేలిక. ఉదాహరణ వాక్యాలు వినే వీలుంది, మాట్లాడడం మీద దృష్టి ఉన్నవాళ్లకి అది పెద్ద సౌకర్యం. వ్యాకరణ సూచనలకి మాత్రం ఆక్స్‌ఫర్డ్‌కే మొగ్గు. తెలుగు నిఘంటువుల వెబ్‌సైట్ ఆంధ్రభారతిలో ఒక్క వెతుకులాటతో చాలా నిఘంటువులు గాలించవచ్చు, తెలుగు సమానార్థకాలు కావాల్సిన అనువాదకులకి అది తప్పనిసరి. కానీ వాక్యంలో 'సీ' ఎలా వాడాలన్న ప్రశ్నకి దానిలో జవాబు వెతకడం అన్యాయం, అది ఆ పనికి పెట్టింది కాదు.

అచ్చు పుస్తకం కొనాలా అంటే, ఇంట్లో పదో తరగతి, ఇంటర్ పిల్లలుంటే కొనొచ్చు. 'ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ' అని, 2020లో వచ్చిన పదో ఎడిషన్ అడగండి. మిగతావాళ్లకి సైట్ చాలు.