పాత వీడియో క్యాసెట్లు ఇక్కడ ఇవ్వొచ్చు, కానీ పాటలు మాత్రం వద్దని ముందే చెప్పండి

చెన్నైలో పాత క్యాసెట్లు, ఆల్బమ్‌లు కంప్యూటర్‌లోకి ఎక్కించేవాళ్ళు ఎవరున్నారని మా చుట్టాల్లో ఒకరి తర్వాత ఒకరు అడుగుతున్నారు, అందరికీ ఫోన్లో చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసేస్తున్నా. మేం ఇచ్చింది వెస్ట్ మాంబళంలో ఒక చిన్న ఫొటో స్టూడియోకి. పేరు రాయట్లేదు, ఎందుకంటే కింద కాస్త తిట్టాను కూడా. కావాలన్నవాళ్ళకి విడిగా చెప్తాను.

మా దగ్గరున్నవి తాతయ్య షష్టిపూర్తి క్యాసెట్లు, నెల్లూరులో 1994లో తీయించినవి, ఇంకా అక్క ఓణీల ఫంక్షన్‌ది ఒకటి. ఇన్నేళ్ళూ బీరువా మీద అట్టపెట్టెలో పడున్నాయి. చెన్నై ఉక్కకి వాటి గతి ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఓనర్ క్యాసెట్‌ని లైటు కింద పెట్టి, చక్రం కనిపించే అద్దంలోంచి టేపు అంచున తెల్లటి పొడి చూపించాడు. బూజు. దాన్ని అలాగే వీసీఆర్‌లో పెడితే లోపల టేపుని చదివే హెడ్‌కి అంటుకుంటుందట, అక్కణ్ణించి తర్వాత పెట్టే క్యాసెట్‌కి పాకుతుందట. అందుకని ముందు మరలు విప్పి, టేపు తుడిచి, ఆరాక ఆడించాడు. ఇంకో షాపులో ఇవేం చూడకుండానే "సాయంత్రానికల్లా ఇచ్చేస్తాం" అన్నారు, అక్కడే నాకు డౌటొచ్చింది. టేపు ఎంతసేపు ఆడితే ఎక్కడానికీ అంతసేపు పడుతుంది, మూడు గంటల క్యాసెట్‌కి మూడు గంటలూ కూర్చోవాల్సిందే, అందులో షార్ట్‌కట్ లేదు. పైగా వీసీఆర్‌లు తయారు చేస్తున్న ఆఖరి కంపెనీ ఫునాయ్ కూడా 2016లో ఆపేసింది. ఈయన ఎలక్ట్రానిక్స్ షాపులుండే రిచ్చీ స్ట్రీట్‌లో పాతవి దొరికినప్పుడల్లా కొని, ఒకదాని పార్టులు ఇంకోదానికి వేసి నడిపిస్తున్నాడు. ఆలస్యం చేసేకొద్దీ ఆడించే మిషనే దొరకదు, ఆ టెన్షన్ మాత్రం నిజమే.

ఇక తిట్లు. మొదటిసారి ఇచ్చిన ఫైల్లో అందరూ ఇంత లావు. పాత వీడియో 4:3 సైజులో, అంటే వెడల్పు నాలుగు పాళ్ళైతే ఎత్తు మూడు పాళ్ళు, ఉంటుంది, దాన్ని ఇప్పటి టీవీకి సరిపోయేలా అడ్డంగా సాగదీశాడు. సన్నగా రివటలా ఉండే మా పిన్ని చూసుకుని గొడవ పెట్టింది. అది చిన్న విషయం, పది నిమిషాల్లో సరిచేశాడు. నాకు అసలు మండింది వేరే. మొదట్లో గులాబీలు రాలే టైటిల్ వేసి, తర్వాత క్యాసెట్లో ఉన్న మాటలన్నీ తీసేసి మొత్తం నాదస్వరం పెట్టాడు! "అందరూ మ్యూజిక్ వేయమనే అడుగుతారు మేడమ్" అన్నాడు. అడుగుతారేమో. కానీ నాకు కావాల్సింది కెమెరా వెనకాల వినిపించే గోల. ఒరిజినల్ ఫైల్ ఏమీ కోయకుండా ఇమ్మంటే, పాపం, మారు మాట్లాడకుండా ఇచ్చాడు. అందులో ఒకచోట అమ్మమ్మ వీడియో అబ్బాయిని కసురుతుంది, "ఒరే అబ్బాయ్, ఆ లైటు పంతులుగారి మొహాన కొట్టమాకయ్యా, ఆయన మంత్రం మర్చిపోతాడు" అని. మనిషి కనపడదు, చీర కొంగు మాత్రం అడ్డంగా పోతుంది. ఆ మాట అయ్యీ అవగానే పంతులుగారు నిజంగానే ఆగి, గొంతు సవరించుకుని, మళ్ళీ మొదటినుంచి అందుకుంటారు. అమ్మమ్మ గొంతు మా ఇంట్లో ఇంకెక్కడా లేదు. ఫొటోలు బోలెడున్నాయి, గొంతు ఇదొక్కటే. మామయ్య దాన్ని కోసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టాడు, ఇప్పుడు ఇంట్లో ఎవరైనా ఫొటో తీస్తుంటే పిల్లలు అదే డైలాగ్ కొడుతున్నారు. అందుకే చెప్తున్నా, ఎడిటింగ్ చేయించుకోండి, పాటలు పెట్టించుకోండి, మీ ఇష్టం, కానీ కోయని ఫైల్ కూడా ఇస్తేనే డబ్బులిస్తామని ముందే మాట్లాడుకోండి.

ఫొటోల పని మాత్రం వంక పెట్టలేం. ఆ జిగురు పేజీల ఆల్బమ్‌లు ఉంటాయి చూడండి, పైన ప్లాస్టిక్ కాగితం అతుక్కునేవి, వాటిలోంచి ఫొటోలు పీకితే చిరుగుతాయని, ప్లాస్టిక్ మెల్లిగా ఎత్తి పేజీకి పేజీ స్కాన్ చేశాడు. మీ దగ్గర నెగెటివ్‌లు ఉంటే అవే తీసుకెళ్ళండి, ప్రింట్లు ఎర్రబారిపోయినా వాటిలో రంగు కొంత మిగిలే ఉండొచ్చు. విడి ఫొటోల వెనక వైపు కూడా స్కాన్ చేయమని అడిగాను. తాతయ్య ప్రతిదాని వెనకా ఎవరెవరు, ఏ ఊరు, ఏ తేదీ అని ఇంకు పెన్నుతో రాసేవారు. దానికి విడిగా డబ్బులు తీసుకోలేదు. 2015 డిసెంబరు వరదల్లో జాఫర్‌ఖాన్‌పేటలో ఉండే మా పెద్దమ్మ వాళ్ళ ఆల్బమ్‌లన్నీ తడిసి అట్టముక్కల్లా గట్టిపడిపోయాయి, వాటిని తీసుకెళ్తే కుదరదని నిజం చెప్పి పంపేశాడు. డబ్బుల కోసం ప్రయత్నిస్తానని తీసుకోలేదు, అది నచ్చింది.

రేటు ఒక్కో క్యాసెట్‌కి 500 రూపాయలు, పెన్‌డ్రైవ్ మనదే. బేరం ఆడితే తగ్గుతాడు. శుక్రవారం ఇస్తానన్నది పొంగల్ అయ్యాక ఇచ్చాడు, పెళ్ళిళ్ళ సీజన్లో అయితే ఇంకా లేటవుతుంది. ఒరిజినల్ క్యాసెట్లు, నెగెటివ్‌లు అన్నీ లెక్కపెట్టుకుని వెనక్కి తెచ్చుకోండి. కారు పెట్టడానికి చోటు లేదు, లోకల్ ట్రైన్లో మాంబళంలో దిగి నడిచిపోవడమే మేలు. వాన పడే రోజు మాత్రం వెళ్ళకండి, దారిలో దురైసామి సబ్‌వే వాన పడితే నీళ్ళతో నిండిపోతుంది, చేతిలో క్యాసెట్లు పెట్టుకుని ఆ నీళ్ళలో దిగడం మన వల్ల కాదు.