రబ్బరు బుష్‌ల మాస్ట్‌తో మూడేళ్లు

నా గైరోప్లేన్‌లో (పైన గాలికి తిరిగే రోటర్‌తో ఎగిరే చిన్న విమానం) మాస్ట్, అంటే రోటర్‌ని మోసే స్తంభం, రబ్బరు బుష్‌ల (కుదుపుని మింగే దిమ్మల) మీద కూర్చుని ఉంటుంది. కొన్న కొత్తలో కనపడ్డవాళ్లందరికీ దాని గురించే చెప్పేవాణ్ణి. అంతకుముందు నేను నడిపినదాంట్లో మాస్ట్‌ని నేరుగా ఫ్రేమ్‌కే బోల్టులతో బిగించారు. అరగంట ఎగిరి దిగాక కూడా చేతులు జుమ్మంటూ ఉండేవి, మీటర్లో ముల్లు ఎక్కడుందో ఊహించుకోవాల్సి వచ్చేది. దీంట్లో ఆ బాధ లేదు, ముల్లు నిలకడగా కనిపిస్తుంది.

రెండు బ్లేడ్ల రోటర్‌కి చుట్టుకి రెండుసార్లు కుదుపు పుట్టుకతోనే వస్తుంది. ఎంత బాగా బ్యాలెన్స్ చేసినా పూర్తిగా పోదు. ఇద్దరం ఎక్కితే నా రోటర్ 370 ఆర్‌పిఎం (నిమిషానికి 370 చుట్లు) దగ్గర తిరుగుతుంది, అంటే సెకనుకి 12 కుదుపులు. వాటిలో చాలావరకు రబ్బరు మింగేస్తుంది. ఇక్కడిదాకా నా పొగడ్తలో మార్పు లేదు.

రెండో ఏడాది రోటర్ విప్పి మళ్లీ బిగించాను. మొదటిసారి పైకి వెళ్లగానే, ఎవరో పట్టుకుని తిప్పుతున్నట్టు స్టిక్ (నడిపే కర్ర) నా చేతిలో గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. చుట్టుకి ఒక్కసారి. టెన్షన్‌తో వెంటనే దిగిపోయాను. బ్లేడ్ కొస నుంచి కొసకి దారం లాగి చూస్తే హబ్ (బ్లేడ్లు కలిసే మధ్యభాగం) నడిమధ్య నుంచే పోతోంది, అంటే బ్లేడ్లు వరసలోనే ఉన్నాయి. తప్పు రబ్బరుదే అనుకుని బుష్‌లన్నీ మార్చాను. ఒక వారం, కాస్త డబ్బు పోయాయి, వణుకు మాత్రం పోలేదు.

చివరికి విప్పే ముందు ఎందుకో ఫోన్‌లో తీసుకున్న ఫోటో కాపాడింది. రోటర్ తూగుడుబల్లలా ఊగే ఇరుసు టీటర్ బోల్ట్. దానికి రెండు వైపులా సందు సరిచేయడానికి వేసే షిమ్ వాషర్లలో ఒకటి కొంచెం మందం. ఆ వాషర్ని ఇటుది అటు వేశాను! రోటర్ అర మిల్లీమీటరు పక్కకి జరిగింది, అంతే. కానీ 36 కిలోల రోటర్‌కి ఆ వేగంలో అర మిల్లీమీటరంటే దాదాపు 3 కిలోల బరువంత లాగుడు, సెకనుకి 6 సార్లు చుట్టూ తిరుగుతూ. వాషర్లు మార్చి, కొత్త స్ప్లిట్ పిన్ పెట్టి ఎగిరితే స్టిక్ బుద్ధిగా నిలబడింది.

రబ్బరుని తిట్టుకోవడం పూర్తిగా అన్యాయం కూడా కాదని తర్వాత అర్థమైంది. 12 కుదుపుల్ని ఆపాలంటే మాస్ట్ సెకనుకి ఎనిమిదిన్నర సార్ల కంటే నెమ్మదిగా ఊగేంత మెత్తగా ఉండాలి. ఆ మెత్తదనంతో మాస్ట్ ఊగే వేగం సెకనుకి 6కి దగ్గరగా వస్తే, చుట్టుకి ఒకసారి వచ్చే వణుకుని రబ్బరు తగ్గించకపోగా పెంచుతుంది. పాత గట్టి మాస్ట్‌లో ఇదే పొరపాటు చేసుంటే స్టిక్ ఇంత తిరిగేది కాదేమో. పైగా చలికి రబ్బరు బిగుసుకుంటుంది, చల్లటి ఉదయాల్లో మొదటి పది నిమిషాలు సీటు కింద పాత రోజులు గుర్తొస్తాయి. రోటర్ వేగం పుంజుకునేటప్పుడు కూడా ఒక చోట బండి మొత్తం ఊగుతుంది, అక్కడ ఆగకుండా దాటించేయాలి.

నేను ఎక్కువగా ఒక్కణ్ణే ఎగురుతాను, అదీ గంటలోపే. నాకైతే మళ్లీ ఇదే కావాలి. రోజంతా ఇద్దరేసి ఎగురుతూ శిక్షణ ఇచ్చేవాళ్లకి బుష్‌లు ఎన్నాళ్లు ఆగుతాయో నా అనుభవంతో చెప్పడం కష్టం. రోటర్‌ని తరచూ విప్పి బిగించేవాళ్లయితే కొంచెం ఆలోచించుకోండి. నా వాషర్లకి ఇప్పుడు రెండు రంగుల పెయింట్ ఉంది.