స్ప్రింగ్ పోస్టులకు నాలుగు స్టార్లు, రబ్బరు బ్రేకర్‌కు రెండే

బరంపురంలో మా సందు మొదట్లో ట్యూషన్ సెంటర్ ఉంది, దానికి ఎదురుగా నా జిరాక్స్ షాపు. ఆస్కా రోడ్డు మీద నుంచి వచ్చే బైకులు బ్రేకన్న మాటే లేకుండా లోపలికి తిరిగేసేవి. సాయంత్రం పిల్లలు బయటికొచ్చే టైముకి రోజూ టెన్షనే. వీధిలో చందాలేసుకుని, వార్డు కార్పొరేటర్‌తో మాట్లాడి, ఆఫీసులో అర్జీ పెట్టి, సరే అనిపించుకున్నాకే ఈ సామాను ఆన్‌లైన్‌లో తెప్పించాం. బండ్లను పక్కకు రానివ్వకుండా రోడ్డు మీద నిలబెట్టే నారింజ రంగు స్ప్రింగ్ పోస్టులు కొన్ని, పసుపు నలుపు రబ్బరు స్పీడ్ బ్రేకర్ ఒకటి.

ముందు పోస్టుల సంగతి. ముప్పావు మీటరు ఎత్తు, పైన రిఫ్లెక్టర్ పట్టీలు, అడుగున మూడు బోల్టుల బేస్. పేరుకే స్ప్రింగ్, మాకు వచ్చిన వాటిలో స్ప్రింగేమీ లేదు, ప్లాస్టిక్కే వంగి లేస్తుంది. పాల వ్యాను రివర్స్‌లో వస్తూ ఒకదాన్ని పూర్తిగా పడుకోబెట్టేసింది. వ్యాను కదలగానే లేచి నిలబడింది, పట్టీ మీద గీత పడిందంతే.

ఎక్కడ పెట్టాలో రోడ్డు మీది దుమ్మే చూపించింది. మలుపు మూలలో చక్రాలు తగలని చోట అది పేరుకుపోయి ఉంటుంది, అంటే బండ్లకు ఆ జాగాతో పని లేదన్నమాట. అక్కడి నుంచి రోడ్డు వైపు ఇంకో రెండడుగులు జరిపి ముగ్గుపిండితో గీత గీసి, ఇసుక బస్తాలు పెట్టి చూశాం. స్కూలు వ్యాను ఇబ్బంది లేకుండా తిరిగాకే మా మరిది డ్రిల్లు తీశాడు. మలుపు బిగుతయ్యేసరికి ఎవరూ చెప్పకుండానే స్పీడు తగ్గించుకుంటున్నారు. పిల్లలు దాటాల్సిన దూరమూ తగ్గింది.

అందరికీ నచ్చిందని కాదు. "ఏటమ్మా, నా స్కూటర్ పెట్టుకునే జాగాయే దొరికిందేటి నీకు?" అని పక్కింటి తాతగారు నిలదీశారు. "మీ మనవడు దాటేదీ ఇక్కడే కదా తాతగారూ" అన్నాను. ఇప్పటికీ గొణుగుతూనే ఉన్నారు.

2013లో అమెరికాలోని సియాటిల్‌లో కొందరు పేర్లు చెప్పకుండా చెర్రీ స్ట్రీట్‌లో సైకిళ్ల దారి పక్కన ఇలాంటి ప్లాస్టిక్ పోస్టులే అంటించారు. ఖర్చు 350 డాలర్లు. సులువుగా ఊడదీయడానికి వీలుగా జిగురు వాడారు. నగర అధికారులు వాటిని తీసేసి, తర్వాత సారీ చెప్పి, తామే పర్మనెంట్‌వి పెట్టారు. మన దుమ్ముకీ మే నెల ఎండకీ జిగురు ఆగుతుందని నాకైతే నమ్మకం లేదు, బోల్టులవే కొనండి. మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రలో ఘటాలు వచ్చేటప్పుడు స్పానర్‌తో విప్పి పక్కన పెట్టుకోవచ్చు కూడా. సిమెంటు దిమ్మలైతే ఆ వీలుండదు.

ఇక రబ్బరు బ్రేకర్. రోడ్లకు కొలతలు, ప్రమాణాలు చెప్పే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో హంప్ (స్పీడ్ బ్రేకర్) 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు. గంటకు 25 కిలోమీటర్ల స్పీడులో సాఫీగా ఎక్కి దిగేలా లెక్కేసింది. మాకు వచ్చింది రెండంగుళాల ఎత్తు, అడుగు పైన కొంచెం వెడల్పు. ఎక్కడం దిగడం ఏమీ లేదు, ఒక్క కుదుపు, నడుం నొప్పి ఉన్నవాళ్లకు నరకం. వాన నీళ్లు పోవడానికి పక్కన వదిలిన ఖాళీలోంచి కుర్రాళ్లు బైకులు దూర్చేస్తున్నారు. పైగా దాంతో వచ్చిన ఫాస్టెనర్లు పొట్టివి. నాలుగు వానలు పడేసరికి ముక్కలు కదిలి, ఆటో ఎక్కినప్పుడల్లా టకటకమని చప్పుడు. అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే "వారంటీ రబ్బరుకే మేడమ్, బోల్టులకు లేదు" అన్నారు! మరిది పొడుగు బోల్టులు తెచ్చి బిగించాక చప్పుడు ఆగింది.

కొనేవాళ్లు ఫాస్టెనర్ పొడుగెంతో ముందే అడగండి. డ్రిల్లు పెట్టే ముందు కింద నీళ్ల పైపు ఎటు పోతోందో కనుక్కోండి. మిగిలిన చందా డబ్బులతో ట్యూషన్ సెంటర్ గేటు ముందుకి ఇంకో రెండు పోస్టులు ఆర్డర్ పెట్టాం, బ్రేకర్ మాత్రం మళ్లీ కొనం.