బాస్ యుకులేలేనా, బాస్ గిటారా?

విజయవాడలో బాస్ నేర్చుకోవాలనుకునే పిల్లలు నన్ను ముందుగా అడిగేది ఇదే. రెండూ లోతైన మంద్ర స్వరాలు పలికే నాలుగు తీగల వాయిద్యాలు, బాస్ యుకులేలే చిన్న గిటార్‌లా ఉంటుంది. రెండింటి తీగల శ్రుతీ ఒకటే: ఇ, ఎ, డి, జి స్వరాలు. ఒకదానిపై నేర్చుకున్నది రెండోదానిపై పనికొస్తుంది. కాబట్టి డబ్బు వృథా అవుతుందన్న టెన్షన్ వద్దు.

సైజు: బాస్ గిటార్ తీగ నిడివి సాధారణంగా 34 అంగుళాలు. యుకులేలేది 20, 21 అంగుళాలే. చిన్న చేతులకు హాయి. గుంటూరు బస్సులో ఒళ్లో పెట్టుకుని వెళ్లొచ్చు.

కొనుగోలు: గిటార్ సెకండ్ హ్యాండ్‌లో తేలిగ్గా దొరుకుతుంది. యుకులేలేకి ఎక్కువగా ఆన్‌లైనే దిక్కు. చవకది చూసేటప్పుడు పికప్ (తీగల నాదాన్ని స్పీకర్‌కి పంపే భాగం) ఉందో లేదో తప్పక చూడండి. అది లేకపోతే గది దాటి వినపడదు.

తీగలు: అసలు తేడా ఇక్కడే. యుకులేలేకి రబ్బరులా మెత్తగా ఉండే పాలియురేథేన్ తీగలు వేస్తారు. కొత్తలో అవి సాగుతూనే ఉంటాయి, కొన్ని రోజులు పదే పదే శ్రుతి చేయాలి. వాయిద్యం పాడైందని కంగారుపడకండి. మన ఉక్కపోతలో వేళ్లకు అంటుకుంటే కాస్త టాల్కమ్ పౌడర్ రాయండి. ఫ్రెట్‌కి (మెడ మీది అడ్డ కమ్మీకి) ఆనుకుని మెల్లగా నొక్కండి, పక్కకి లాగితే అపశ్రుతి వస్తుంది. గిటార్ లోహపు తీగలు శ్రుతిలో నిలుస్తాయి, కానీ కొన్నాళ్లు వేళ్లు నొప్పెడతాయి.

అపార్ట్‌మెంట్‌లో రాత్రి సాధనకి, భజనకి, చిన్న చర్చి క్వయర్‌కి యుకులేలే తీసుకోండి. డ్రమ్స్‌తో స్టేజీ ఎక్కేవాళ్లకి గిటారే సరి. అంత మోతలో యుకులేలే బోలు పెట్టె తేలిగ్గా ఫీడ్‌బ్యాక్ (స్పీకర్ శబ్దం తిరిగి పికప్‌లోకి వెళ్లి వచ్చే కూత) ఇస్తుంది.