అసెంబ్లీ సీటా, కంప్ట్రోలర్ కుర్చీయా?

పని జరగాలంటే ఈ రెండిటిలో ఏది మేలు? అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్ర నేత టామ్ డినాపోలి రెండూ చేశారు. ఆయన 1987 నుంచి ఇరవై ఏళ్లు న్యూయార్క్ అసెంబ్లీలో ఉన్నారు. అక్కడ 150 మందిలో ఆయన ఒకరు, బిల్లు పెడితే సభలో మెజారిటీ కూడగట్టాలి, సెనేట్ దాటించాలి, ఆపైన గవర్నర్ సంతకం. 2007లో తోటి శాసనసభ్యులే ఆయన్ని రాష్ట్ర ఖజానా లెక్కలు చూసే కంప్ట్రోలర్‌ని చేశారు, ప్రజల ఓటుతో గెలిచింది 2010లో. ఈ పదవిలో చట్టాలు చేసే అధికారం లేదు. కానీ ఏ శాఖనైనా ఆడిట్ చేయొచ్చు, కాంట్రాక్టులు తిప్పి పంపొచ్చు, అన్నిటికంటే పెద్దది, 20,000 కోట్ల డాలర్లు దాటిన ఉద్యోగుల పెన్షన్ నిధికి ఏకైక ట్రస్టీ ఆయనే. పని జరగాలంటే నిస్సందేహంగా కంప్ట్రోలర్ కుర్చీయే మేలు. అయితే అంత డబ్బు ఒక్కరి చేతిలో ఉండటం నాకు నచ్చదు, ఎందుకంటే డినాపోలికి ముందున్న అలన్ హెవెసీ ఆ నిధి పెట్టుబడుల లంచం కేసులోనే జైలుకెళ్లాడు. కాలిఫోర్నియా ఉద్యోగుల పెన్షన్‌కి 13 మంది బోర్డు ఉంది, న్యూయార్క్‌కీ అలాంటిదే కావాలి.