పికిల్‌బాల్ ప్యాడిల్: పొట్టి హ్యాండిలా, పొడుగు హ్యాండిలా?

హైదరాబాద్‌లో గచ్చిబౌలి, కొండాపూర్ వైపు పికిల్‌బాల్ కోర్టుల్లో కాసేపు నిలబడితే చాలు, ఎవరు బ్యాడ్మింటన్ నుంచి వచ్చారో, ఎవరు టెన్నిస్ నుంచి వచ్చారో ప్యాడిల్ (ఈ ఆటలో వాడే బ్యాట్) పట్టే తీరులోనే తెలిసిపోతుంది. హ్యాండిల్ ఎంత పొడవుండాలో చెప్పేదీ ఆ పట్టే. డబ్బా మీద రాసిన మాటలు కాదు.

మార్కెట్లో హ్యాండిళ్లు సుమారు నాలుగున్నర అంగుళాల నుంచి ఆరు దాకా దొరుకుతాయి. ఐదులోపు పొట్టి, ఐదు నుంచి ఐదుంపావు మధ్యరకం, ఐదున్నర, ఆపైన పొడుగు. తేడా మహా అయితే ఒకటిన్నర అంగుళమే కదా అనిపిస్తుంది. బెత్తెతో కొలిస్తే అసలు సంగతి తెలుస్తుంది. పెద్దవాళ్ల చేతికి బెత్తెడంటే, అంటే నాలుగు వేళ్ల వెడల్పు, ఇంచుమించు 3 నుంచి మూడుంపావు అంగుళాలు. చిటికెనవేలు బట్ క్యాప్ (హ్యాండిల్ అడుగున ఉండే మూత) అంచుకు ఆనించి పట్టుకుంటే, 4.75 అంగుళాల హ్యాండిల్ మీద పైన ఒకటిన్నర అంగుళం మిగులుతుంది. అంటే రెండో చేతికి రెండు వేళ్ల చోటు. 5.5 అయితే మూడు వేళ్లు కూర్చుంటాయి, చూపుడువేలు మాత్రం ప్యాడిల్ ముఖం (బంతి తగిలే పలక) మీదికి పోతుంది. అది ఇబ్బందేమీ కాదు, రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్ ఆడేవాళ్లు చాలామంది అలాగే పడతారు.

కాబట్టి మొదటి ప్రశ్న ఒక్కటే: బ్యాక్‌హ్యాండ్‌కి రెండు చేతులా, ఒక చెయ్యా? రెండు చేతులైతే 5.5కి తగ్గకండి. పొట్టిదానితో రెండో చేతిలో సగం ముఖం మీదికి పోతుంది, ఒక్కోసారి బంతి వేళ్లకే తగులుతుంది.

పొడుగు హ్యాండిల్‌తో దెబ్బ గట్టిగా పడుతుందన్న మాటలో సగమే నిజం. అమెరికా నియమాల ప్రకారం ప్యాడిల్ మొత్తం పొడవు 17 అంగుళాలు దాటకూడదు, పొడవూ వెడల్పూ కలిపి 24 దాటకూడదు. హ్యాండిల్ పెరిగితే ముఖం తరగాల్సిందే. పదహారున్నర అంగుళాల పొడవు, ఏడున్నర వెడల్పు ఉన్న ప్యాడిల్‌కి 5.5 హ్యాండిల్ తీసేస్తే ముఖం 11 అంగుళాలు. అదే 16 పొడవు, 8 వెడల్పు ఉండి 4.75 హ్యాండిల్ అయితే 11.25, పైగా అర అంగుళం వెడల్పు ఎక్కువ. ఆ వెడల్పు వల్లే బంతి పక్కకి తగిలినా ప్యాడిల్ చేతిలో అంతగా మెలి తిరగదు. పొడుగుదాంట్లో అంచు దగ్గర తగిలిన బంతి నెట్‌లోకి పోవడానికి కారణం ఇదే. బలం వచ్చేది హ్యాండిల్ చివర పట్టుకుని ఊపినప్పుడు. పొడుగుది కొని దాన్ని మెడ దగ్గర (హ్యాండిల్ ముఖాన్ని కలిసే చోట) పట్టుకుంటే ఆ లాభం పోతుంది, కిచెన్ (నెట్ ముందుండే జాగా) గీత దగ్గర గబగబా వాలీలు (నేల తాకకముందే కొట్టే బంతులు) ఆడేటప్పుడు కింద మిగిలిన కొస మణికట్టుకి గుచ్చుకుంటుంది కూడా.

టేబుల్ టెన్నిస్ ఆడినవాళ్లు చూపుడువేలు ముఖం వెనక పెడతారు. వాళ్లకి పొట్టిదే హాయి, డింకులు (నెట్ మీదుగా మెల్లగా వేసే బంతులు) అదుపులో ఉంటాయి. అరచెయ్యి పెద్దదైతే మాత్రం మణికట్టు వైపు భాగం బట్ క్యాప్ బయటికి జారకుండా చూసుకోవాలి.

మన ఊళ్లో ఎక్కువ తికమక బ్యాడ్మింటన్ వాళ్లదే. రాకెట్ హ్యాండిల్ పొడుగు కాబట్టి ప్యాడిల్ కూడా పొడుగుదే తీసుకుంటారు. కానీ ఆ రాకెట్ బరువు 80-90 గ్రాములు, ప్యాడిల్ సుమారు 215 నుంచి 240. అదే మణికట్టు విసురు పొడుగు ప్యాడిల్‌తో రోజూ కొడితే మోచేయి నొప్పి పెట్టొచ్చు. ఒంటిచేత్తో ఆడి, నెట్ దగ్గర పట్టు పైకి జరిపే అలవాటున్న వీళ్లకి ఐదు, ఐదుంపావు సరిగ్గా సరిపోతుంది.

ఏదీ తేల్చుకోలేకపోతే ఐదుంపావు తీసుకోండి. తర్వాత రెండు చేతులకి మారాలనిపిస్తే ఓవర్‌గ్రిప్‌ని (హ్యాండిల్ మీద చుట్టే పల్చటి పట్టీ) మెడ మీదికి ఒక చుట్టు ఎక్కించండి, పావు అంగుళం పట్టు కలిసొస్తుంది. ఒక్కో ఓవర్‌గ్రిప్‌తో చుట్టుకొలత కూడా కొంచెం పెరుగుతుంది కాబట్టి హ్యాండిల్ సన్నగా ఉన్నదే కొనడం మేలు. లావుదాన్ని చెక్కలేం కదా. ఏప్రిల్, మే ఉక్కలో చేతి చెమటకి గ్రిప్ జారితే ఏ పొడవైనా పనికిరాదు; జిగురు పోయిన ఓవర్‌గ్రిప్‌ని వెంటనే మార్చేయండి.

కొనేముందు టేపు పెట్టి మీరే కొలవండి. కొన్ని కంపెనీలు ముఖం మొదలయ్యే వంపును కూడా హ్యాండిల్లో కలిపేస్తాయి. బట్ క్యాప్ అడుగు నుంచి గ్రిప్ చుట్టు ముగిసే చోటు దాకా కొలవాలి. ఆ తర్వాత స్నేహితుల ప్యాడిల్ అడిగి, ఒక గేమ్ మొత్తం బ్యాక్‌హ్యాండ్ వైపే బంతులు వేయించుకుని చూడండి.