అసూయ పుట్టినప్పుడు: నోరు తెరిచి అడగడమా, ఫోన్ తీసి చూడడమా?

1989లో ఫైఫర్, వాంగ్ అనే సైకాలజిస్టులు ప్రేమలోని అసూయను మూడు భాగాలుగా చూపించారు: అనుమానం, బాధ, నిఘా. మొదటి రెండూ వాటంతటవే వస్తాయి. మూడోది మన చేతిలోనే ఉంది: భాగస్వామిని నేరుగా అడగాలా, వాళ్ల ఫోన్ చాటుగా చూడాలా అన్నది మనమే తేల్చుకోవచ్చు.

ఖర్చు: అడిగితే ఒక ఇబ్బందికరమైన సాయంత్రం. ఫోన్ చూస్తూ దొరికిపోతే ఉన్న నమ్మకమూ పోతుంది.

శ్రమ: అడగడానికి ధైర్యం కావాలి. చూడడం తేలికే, కానీ ఒక్కసారితో ఆగదు. ఏమీ దొరక్కపోతే కాసేపు ఊరట. ఆ తర్వాత "డిలీట్ చేసుంటారేమో" అని మళ్లీ టెన్షన్. చూసిన కొద్దీ అనుమానం పెరుగుతుందే గానీ తీరదు.

రిస్క్: అడిగినా అవతలివాళ్లు అబద్ధం చెప్పొచ్చు, నిజమే.

కేవలం అభద్రతే అయితే అడగండి, "ఎవరామె?" అని కాకుండా "నాకు భయంగా ఉంది" అని మొదలుపెట్టండి. అబద్ధాలు పదే పదే బయటపడుతుంటే ఫోన్‌లో వెతకాల్సిందేమీ లేదు, ఆ బంధంలో ఉండాలా వద్దా అన్నదే తేల్చుకోవాలి. అడిగితే చెయ్యి చేసుకుంటాడన్న భయం ఉంటే రెండూ వద్దు, 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి.